ఎనిమిది సెకన్లు

సిగ్నల్ దగ్గర ఎర్ర అంకె ఇంకా 8 చూపిస్తోంది, వెనకనుంచి ఆటో అప్పుడే హారన్ మొదలుపెట్టింది. నేను సైకిల్ మీద ఒక కాలు నేలకు ఆనించి ఆ అంకెనే చూస్తున్నాను.

రాత్రి అమెరికన్ సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పాత వీడియో చూసిన ఫలితం ఇది.

1989 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు. మూడు వారాలు, మూడు వేల కిలోమీటర్లకు పైగా తొక్కాక మొదటి, రెండో స్థానాల మధ్య తేడా ఎనిమిదంటే ఎనిమిదే సెకన్లు! చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు, ఎవరికి వారే గడియారంతో పోటీ. ఫ్రెంచ్ రేసర్ లోరాన్ ఫిన్యోన్ అప్పటికి మొత్తం సమయంలో లెమాండ్ కంటే 50 సెకన్లు ముందున్నాడు. లెమాండ్ హ్యాండిల్ ముందు బిగించిన కడ్డీల మీద మోచేతులు ఆనించి, కోసుగా ఉన్న హెల్మెట్‌తో వంగిపోయాడు. ఫిన్యోన్ తలకు ఏమీ లేదు. పిలక గాలికి ఊగుతోంది. గాలికి అడ్డుపడి ఆ పిలకే కొంప ముంచిందని ఇప్పటికీ అంటారు. పాపం, దానికేం తెలుసు.

అంతకు రెండేళ్ల ముందే వేటలో పొరపాటున తుపాకీ పేలి లెమాండ్ చావు అంచుదాకా వెళ్లాడు. ఒంట్లో ఇంకా సీసపు గుళికలు ఉండగానే ఇది గెలిచాడు, 1990లో మళ్లీ గెలిచాడు.

అయినా నాకు గుర్తుండిపోయింది ఫిన్యోనే. అప్పటికే రెండుసార్లు టూర్ గెలిచినవాడు, గీత దాటాక రోడ్డు మీదే కూలబడ్డాడు.

పచ్చ పడింది. ఆటో నన్ను దాదాపు రాసుకుంటూ దూసుకుపోయింది.

తర్వాతి సిగ్నల్ దగ్గర ఇద్దరం మళ్లీ పక్కపక్కనే. అక్కడ అంకె 90.