చెప్పేసినవాళ్ళు ఊరుకోవాలి

కామన్‌రూమ్ మూల బల్ల మీద బ్రిడ్జ్ ఆడటానికి పేక పరిచిన బ్యాచ్‌లన్నిటికీ ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఆట అయిపోయింది, పట్టులు (నలుగురూ తలో ముక్క వేసే చుట్లలో గెలిచినవి) లెక్కపెట్టేశారు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మాత్రం "పాస్ ఎందుకన్నావ్?", "నాలుగెందుకన్నావ్?" అని ఇంకా తేల్చుకోలేదు. ముక్క తప్పు వేస్తే అంత గొడవ రాదు. గొడవంతా బిడ్డింగ్ దగ్గరే, అంటే ఆటకి ముందు ఏ తురుఫుతో ఎన్ని పట్టులు చేస్తామో వేలంలా చెప్పుకునే దగ్గరే (1 అంటే ఏడు పట్టులు, 4 అంటే పది). సంచికకి జ్ఞాపకాలు పంపమన్నారు గనక ఆ వాదనల్లో తెగని సంగతులే రాస్తున్నాను. మళ్ళీ జంట కట్టేవాళ్ళకి పనికొస్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది ఒకటే: ఒకసారి చెప్పిన బలాన్నే మళ్ళీ చెప్పడం. ఏస్‌కి 4, కింగ్‌కి 3, క్వీన్‌కి 2, జాక్‌కి 1 చొప్పున పేక మొత్తం మీద 40 పాయింట్లు. 15 నుంచి 17 ఉండి 1నోట్రంప్ (తురుఫు లేకుండా ఏడు పట్టులు) అన్నారంటే ఒక్క మాటలో చెయ్యంతా విప్పి చెప్పినట్టే. ఇక లెక్క పార్ట్‌నర్‌ది. ఇద్దరివీ కలిపి 25 వస్తే 3నోట్రంప్ (బోనస్ తెచ్చే 'గేమ్'; 4హార్ట్స్, 4స్పేడ్స్ కూడా అంతే), 33 వస్తే చిన్న స్లామ్ (పన్నెండు పట్టులు), 37 వస్తే పెద్దది (పదమూడూ). పార్ట్‌నర్ 2నోట్రంప్ అని అడిగితే 17తో వెళ్ళాలి, 15తో ఆగాలి, 16 అయితే పదులూ తొమ్మిదులూ ఎన్నున్నాయో, అయిదు ముక్కల రంగు ఉందో లేదో చూసుకోవాలి. అడక్కపోతే నోరు విప్పక్కర్లేదు. కానీ జరిగేదేమిటి? 1నోట్రంప్, ట్రాన్స్‌ఫర్‌గా (నాకు హార్ట్స్ ఉన్నాయి, ఆ మాట నువ్వను అని) 2డైమండ్స్, 2హార్ట్స్, పాస్. చివర్లో అవతలివాళ్ళు 2స్పేడ్స్ అంటారు. ఓపెనర్ (మొదటి బిడ్ చెప్పినవాళ్ళు) చేతిలో హార్ట్స్ మూడే ఉన్నా "నాకు 17 ఉన్నాయిగా" అని 3హార్ట్స్ అనేస్తారు. ఆ 17 మొదటి మాటలోనే చెప్పేశారు. పార్ట్‌నర్ దగ్గర ఆరు పాయింట్లున్నాయో ఒకటే ఉందో తెలిసింది పార్ట్‌నర్‌కే. పైగా మాట్లాడే వంతు పార్ట్‌నర్‌కింకా ఉంది.

పాయింట్ల కూడిక ఎక్కడ మోసం చేస్తుందో ముక్కలు పెట్టి చూద్దాం. 1స్పేడ్ ఓపెన్ చేశారు. పార్ట్‌నర్ చెయ్యి ఇది: స్పేడ్స్‌లో కింగ్, 8, 6, 3, హార్ట్స్‌లో ఏస్, 7, 2, డైమండ్స్‌లో ఒంటరి 4, క్లబ్స్‌లో కింగ్, క్వీన్, 8, 6, 5. పన్నెండు పాయింట్లు. స్ప్లింటర్ ఆడే జంట అయితే దీంతో నేరుగా 4డైమండ్స్ అంటారు. "నాలుగు తురుఫులున్నాయి, గేమ్‌కి సరిపడా బలముంది, డైమండ్స్‌లో ఒక్కటి మించి లేదు" అని దానర్థం. నిర్ణయం మళ్ళీ ఓపెనర్‌కే వచ్చింది.

ఓపెనర్ చేతిలో స్పేడ్స్ ఏస్, క్వీన్, 10, 7, 4. హార్ట్స్ కింగ్, 3. డైమండ్స్ ఏస్, 8, 5. క్లబ్స్ జాక్, 9, 2 ఉన్నాయనుకోండి. పద్నాలుగు. ఇంకో చెయ్యి: స్పేడ్స్, హార్ట్స్ అవే, డైమండ్స్ కింగ్, క్వీన్, 5, క్లబ్స్ 9, 7, 2. ఇదీ పద్నాలుగే. రెండు సందర్భాల్లోనూ ఇద్దరికీ కలిపి 26, అవతలివాళ్ళకి 14. మొదటి చెయ్యిలో ఆ పద్నాలుగులో ఆరు, అంటే డైమండ్స్ కింగ్, క్వీన్, జాక్, మన ఒంటరి ముక్క మీద పడి ఎందుకూ పనికిరావు. పోయేది క్లబ్ ఏస్ ఒక్కటే. 4నోట్రంప్ అని కీకార్డులు (నాలుగు ఏస్‌లు, తురుఫు కింగ్) అడిగితే తురుఫు క్వీన్ లేకుండా రెండని 5హార్ట్స్ వస్తుంది. 6స్పేడ్స్ చక్కగా అవుతుంది. రెండో చెయ్యిలో డైమండ్ ఏస్, క్లబ్ ఏస్ రెండూ బయటే ఉన్నాయి, డైమండ్స్‌లో మన కింగ్, క్వీన్ సగం దండగ. 4స్పేడ్స్ అని ఆపేయాలి. ఇందులో తెలివి కన్నా ముందుగా 4డైమండ్స్ అర్థం ఇద్దరికీ ఒకటై ఉండటమే ముఖ్యం. ఒకరు దాన్ని నిజం డైమండ్స్ అనుకుని పాస్ అంటే ఒంటరి 4తో తురుఫు ఆడాల్సివస్తుంది.

గేమ్‌కి ఎంత సాహసం చెయ్యాలన్నది ఏ లెక్కన ఆడుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది. టీమ్ మ్యాచ్‌లో వల్నరబుల్‌గా (బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితిలో) ఉండి 4స్పేడ్స్ అని చేస్తే 620, కిందే ఆగితే 170. తేడా 450, పది ఐఎంపీలు (స్కోరు తేడాని బట్టి టీమ్ మ్యాచ్‌లో ఇచ్చే పాయింట్లు). ఒకటి తగ్గితే మైనస్ 100, ఆగితే ప్లస్ 140, పోయేది ఆరు. అంటే పదహారింట ఆరు, 37.5 శాతం అవకాశం ఉన్నా వెళ్ళాలి. వల్నరబుల్ కాకపోతే వచ్చేది ఆరు, పోయేది అయిదు, 45 శాతం పైన కావాలి. మ్యాచ్‌పాయింట్లలో (తేడా ఎంతన్నది కాక, ఎన్ని జంటల కన్నా మిన్న అన్నదే చూసే పద్ధతిలో) సగానికి సగం చాలు, కానీ దానికి తక్కువైతే వద్దు.

అవతలివాళ్ళు పోటీకి వచ్చినప్పుడు తురుఫులు లెక్కపెట్టుకోవడం మంచిది. ఫ్రాన్స్‌కి చెందిన వెర్న్ 1969లో చెప్పిన సూత్రం ఇది: మనకి మన రంగులో తొమ్మిది, వాళ్ళకి వాళ్ళ రంగులో తొమ్మిది ఉంటే రెండు వైపులా కలిపి పట్టులు దాదాపు పద్దెనిమిది. ఒకటి అటూ ఇటూ అవుతుంది. తొమ్మిది తురుఫులకి మూడో మెట్టు. వాళ్ళు 4హార్ట్స్ అన్నాక 4స్పేడ్స్ అనాలంటే ఆలోచించాలి. వాళ్ళకి పది వస్తే మనకి ఎనిమిదే. డబుల్ (చెయ్యలేరని స్కోరు పెంచే మాట) పడి రెండు తగ్గితే 300, వల్నరబుల్ అయితే 500. వాళ్ళ 420కి బదులు 300 లాభమే, 500 కాదు. వాళ్ళకి తొమ్మిదే వచ్చేలా ఉంటే ఆ పరుగే అనవసరం. మ్యాచ్‌పాయింట్లలో పార్ట్‌స్కోర్ (గేమ్ కన్నా కింది బిడ్) కోసం కొట్టుకుంటూ వల్నరబుల్‌గా డబుల్ పడి ఒకటి తగ్గితే 200 పోతుంది. వాళ్ళు ఆడుకుంటే వచ్చే 110, 140 కన్నా అది ఎక్కువ.

ఆటకి ముందు అరగంట కూర్చుని తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. నెగటివ్ డబుల్ (శిక్షకి కాక, ఇంకా చెప్పని రంగులు ఉన్నాయని తెలిపేది) ఏ మెట్టు దాకా? తేల్చుకోకపోతే ఒకరు హార్ట్స్ చూపించామనుకుంటారు, ఇంకొకరు శిక్ష అనుకుని పాస్ అంటారు; అవతలివాళ్ళు డబుల్ పడ్డ 2స్పేడ్స్ చేసుకుని 470 పట్టుకుపోతారు. 1స్పేడ్ మీద 2క్లబ్స్ అంటే గేమ్ దాకా ఆగకూడదా? 1నోట్రంప్, 2క్లబ్స్ (నాలుగు హార్ట్స్ గానీ స్పేడ్స్ గానీ ఉన్నాయా అని ప్రశ్న), 2హార్ట్స్ తరవాత 4నోట్రంప్ ఏస్‌లు అడగడమా, స్లామ్‌కి పిలుపా? కొత్త జంటలన్నీ చతికిలబడేది ఇక్కడే. పిలుపుగా పెట్టుకుని, హార్ట్స్ ఒప్పుకుని ఏస్‌లు అడగడానికి వేరే బిడ్ కేటాయించుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం. పార్ట్‌నర్ చాలాసేపు ఆలోచించి పాస్ అంటే ఆ ఆలస్యాన్ని బట్టి ముందుకెళ్ళకూడదన్నది మర్యాదే కాదు, నియమం కూడా.

సాధనకి నలుగురూ అక్కర్లేదు. ఇద్దరే ఇరవై చేతులు పంచుకుని, ఆడకుండా బిడ్లు మాత్రం కాగితం మీద రాసుకోండి. తరవాత ముక్కలు తెరిచి ప్రతి తప్పు పక్కనా ఒక అక్షరం పెట్టండి: ఒప్పందం లేకపోతే ఒ, ఉన్నా మరిచిపోతే మ, అంచనా తప్పితే అం. మొదటి వారంలో అం కోసం పోట్లాడకండి. ముందు మ పడ్డ ఒప్పందాలన్నీ కొట్టేసి, ఇద్దరికీ నిద్రలో లేపినా గుర్తుండేవి మాత్రం ఉంచుకోండి.