మేడ మీద అటికమామిడి: 14 నెలల నమోదు

నిరుడు ఆగస్టులో వాన పడిన మరునాడు, చెన్నై వేలచ్చేరిలో మా వీధి చివరి ఖాళీ స్థలం నుంచి, ఆకుకూరగానూ మందుగానూ వాడే 3 అటికమామిడి మొక్కలను పెకలించి తెచ్చాను. పైకి నేలను అంటుకొని పాకే సన్నని కొమ్మలే కనిపిస్తాయి గాని, అడుగున తల్లివేరు ముల్లంగిలా నిలువుగా దిగి ఉంటుంది. జానెడు లోతున ఆ వేరు తెగిన రెండు మొక్కలూ వారంలోనే వాడిపోగా, వేరు చెడకుండా వచ్చిన మూడోది 16 అంగుళాల లోతున్న పాత బకెట్టులో నిలదొక్కుకుంది. సగం ఇసుక, సగం తోటమట్టి, గుప్పెడు పశువుల ఎరువు కలిపాను.

అక్టోబరు నాటికి పూత వచ్చింది. గలిజేరు అనే పేరును మనవాళ్ళు అటికమామిడికీ, దాన్ని పోలిన మరో మొక్కకూ వాడుతారు కనుక, తినే ముందు పోల్చి చూడడం తప్పనిసరి. అటికమామిడిలో ఒకే కణుపు దగ్గరి జంట ఆకులలో ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. గులాబీ రంగు చిన్న పూలు సన్నని కాడల చివర గుత్తులుగా పూస్తాయి. జిగురు కాయలు బట్టలకు అంటుకుంటాయి. రెండో మొక్కకు ఆకులు దళసరిగా ఉండి, పువ్వు ఆకు మొదట్లోనే దాగి ఉంటుంది. మా సందులో ఆకుకూరలు అమ్మే ఆవిడ మొదటిదాన్ని తమిళంలో మూక్కిరట్టై అనీ, రెండోదాన్ని సారణై అనీ స్పష్టంగా వేరుచేసి చెప్పారు.

మే నెలలో పైభాగమంతా ఎండిపోయింది. కుండీని పారబోయకుండా, వారానికి ఒకసారి మట్టి మాత్రం తడిపాను. ఆగస్టు వానలకు వేరు తల నుంచి 7 చిగుళ్ళు వచ్చాయి. దీనికున్న పునర్నవ (మళ్ళీ కొత్తగా పుట్టేది) అన్న సంస్కృత నామానికి అర్థం నాకు అప్పుడు కళ్ళెదుట కనిపించింది.

ఆయుర్వేదంలో దీని వేరును ఒంటి వాపులకు, మూత్రం సాఫీగా రావడానికి వాడుతారు. పాండు రోగానికి (రక్తహీనతకు) ఇచ్చే పునర్నవ మండూరం అనే మందులో మండూర భస్మంతో (ఇనుప చిట్టెం భస్మంతో) పాటు ఇదీ ఉంటుంది. వేరులో పొటాషియం నైట్రేటు ఉన్నందున మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవారూ వైద్యుణ్ణి అడగకుండా కషాయం తాగకూడదు. మా ఇంట్లో కషాయం జోలికి పోలేదు. లేత చిగుళ్ళను పెసరపప్పులో వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపుతో రెండుసార్లు వండుకున్నాము.

వేరు తవ్వడానికి ఇంకా తొందరపడటం లేదు. ఈ వారం ఎండిన కాయలను ఏరి, మరింత లోతైన పాత డ్రమ్ములో చల్లాను.