పేషెంట్‌ని తేవద్దు, నన్ను తీసుకెళ్ళండి చాలు

మా షెడ్‌లో ప్లైవుడ్, థర్మోకోల్‌తో చేసిన క్యాబిన్ మాక్‌అప్ ఒకటి చాలా నెలలు ఉండేది. అసలు సైజే. అందులో అందరికన్నా ముద్దుగా చూసుకున్నది స్ట్రెచర్‌ని. పట్టాల మీద జారుతూ లోపలికి వెళ్ళి టక్కున లాక్ అయ్యేది, ఆ శబ్దం అంటే మా మెకానికల్ వాడికి ఎంత ఇష్టమంటే ఎవరు చూడ్డానికి వచ్చినా అడక్కపోయినా రెండుసార్లు చేసి చూపించేవాడు. ఎమర్జెన్సీ రెస్క్యూ కోసం చిన్న ఎలక్ట్రిక్ విమానం, రన్‌వే అక్కర్లేకుండా నిలువుగా లేచి నిలువుగా దిగేది, చేద్దామని మేం కొద్దిమందిమి కూడబలుక్కున్నప్పుడు స్ట్రెచర్ ఉండాలా వద్దా అనే ప్రశ్నే ఎవరికీ రాలేదు. ప్రాణం కాపాడే విమానం అన్నాక పేషెంట్ లేకుండా ఎలా?

అంబులెన్స్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన పారామెడిక్ ఒకావిడ, మేం పిలిస్తే, తన సెలవు రోజున వచ్చారు. డ్యూటీలో మోసే బ్యాగ్ కూడా తెచ్చుకున్నారు. మావాడు యథాప్రకారం స్ట్రెచర్ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ అటు చూడనే లేదు. బ్యాగ్ వీపున వేసుకుని తలుపులోంచి లోపలికి దూరబోయారు. దూరలేదు. బ్యాగ్ తీసి ముందు దాన్ని తోసి, తర్వాత తను ఎక్కి, స్ట్రెచర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చోబోతే మోకాలికి చోటు లేదు. "సరే బాబూ, పేషెంట్ ఇక్కడ పడుకున్నాడు, నేను ఛాతీ నొక్కాలి. మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి. ఎలాగో నువ్వే చూపించు" అన్నారు మావాడితో. వాడు ఎక్కాడు, వంగాడు, తల పైకప్పుకి కొట్టుకుంది. థర్మోకోల్ కాబట్టి దెబ్బ తగల్లేదు గానీ ఒక ముక్క ఊడి కింద పడింది.

ఆవిడ నవ్వలేదు. "మీరు పేషెంట్‌ని తేవద్దు. నన్ను అక్కడికి తీసుకెళ్ళండి చాలు. మోసే బండి వెనకాల వస్తూనే ఉంటుంది కదా" అన్నారు.

ఆ పూట మాకెవరికీ నోట మాట రాలేదు. నాలుగు నెలల పని అది. నాది బ్యాటరీ, పవర్ వైపు కాబట్టి స్ట్రెచర్ పోయినందుకు నాకు లోలోపల సంతోషమే అయింది, ఆ సంగతి మావాడి ముందు ఇప్పటికీ ఒప్పుకోను.

ఎందుకు సంతోషమో చెప్తాను. విమాన ఇంధనం ఒక కిలోలో సుమారు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఇవాళ విమానంలో పెట్టదగ్గ లిథియం బ్యాటరీ ప్యాక్‌లో, కూలింగూ పెట్టే బరువూ అన్నీ కలుపుకుంటే, కిలోకి 200 కూడా రావడం కష్టం. చిన్న టర్బైన్ తన ఇంధనంలో ముప్పావు వంతు వేడిగా వదిలేస్తుందనీ, మన మోటార్ 90 శాతానికి పైగా పనిలోకి మారుస్తుందనీ ఎంత సర్దిచెప్పుకున్నా తేడా ఇంకా పదిహేను రెట్ల పైమాటే. ఇక గాల్లో ఒకచోట నిలబడటం, అంటే హోవర్, అన్నిటికన్నా ఎక్కువ పవర్ తాగే పని. 700 కిలోల యంత్రం, రోటర్లన్నీ (గిరగిరా తిరిగి పైకి లేపే పంకాలు) కలిపి 20 చదరపు మీటర్ల వైశాల్యం అనుకోండి, లెక్క ప్రకారం కనీసం 80 కిలోవాట్లు కావాలి, రోటర్లలో మోటార్లలో పోయేది కలుపుకుంటే 120 దాటుతుంది. 150 కిలోల ప్యాక్ కిలోకి 180 చొప్పున ఇస్తే మొత్తం 27 యూనిట్లు. అంటే నిలబడి ఉంటేనే పదమూడు నిమిషాల్లో ఖాళీ. అందులోనూ అడుగు దాకా వాడుకోవడానికి లేదు. ముందుకు ఎగిరేటప్పుడు రెక్క బరువు మోస్తుంది కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ పైకి లేవడమూ దిగడమూ తప్పవు కదా.

దీని మీద ఇంకో 120 కిలోలు వేయండి, పేషెంటూ స్ట్రెచరూ ఆక్సిజన్ సిలిండరూ కలిపి. బరువు పెరిగింది 17 శాతం, హోవర్‌కి కావలసిన పవర్ పెరిగేది 27 శాతం. ఆ పవర్ కోసం బ్యాటరీ పెంచితే ఆ బ్యాటరీని మోయడానికి మళ్ళీ పవర్. ఈ చక్రంలో పడి నేను స్ప్రెడ్‌షీట్ ముందు ఎన్ని రాత్రులు కూర్చున్నానో.

పేషెంట్‌ని వదిలేస్తే ఇంకొక లాభం ఉంది, అది మాకు వారం తర్వాత గానీ తట్టలేదు. పేషెంట్‌ని తేవాలంటే అక్కడ మళ్ళీ లేవాలి, మళ్ళీ ఎక్కడో దిగాలి, రెండు లేవడాలు రెండు దిగడాలు. మనిషిని దింపడమే పనైతే విమానం వెంటనే తిరిగి రాకపోయినా ఫరవాలేదు. అక్కడే పడి ఉంటుంది, తర్వాత ట్రెయిలర్ మీద తెచ్చుకోవచ్చు. ఉన్న ఛార్జ్ అంతా (రిజర్వ్ పక్కన పెట్టి) వెళ్ళడానికే.

ఇదంతా మేమేదో కనిపెట్టామని చెప్పడం లేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, జర్మనీలో ఏడీఏసీ అనే వాహనదారుల క్లబ్ వాళ్ళ ఎయిర్ రెస్క్యూ సంస్థ 2018లోనే, ఇలాంటి ఎలక్ట్రిక్ యంత్రాలు చేసే వోలోకాప్టర్ కంపెనీతో కలిసి ఒక అధ్యయనం మొదలుపెట్టి, 2020లో ఫలితాలు బయటపెట్టింది. తేల్చింది ఇదే: మల్టీకాప్టర్ (చాలా రోటర్లతో ఎగిరే యంత్రం) పనికొచ్చేది డాక్టర్‌ని త్వరగా చేర్చడానికి, రోగిని మోయడానికి కాదు. ఆ రిపోర్ట్ మా ఫోల్డర్‌లో ఉంది. డౌన్‌లోడ్ చేసింది నేనే. చదివామనుకున్నాం. అమెరికాలో జంప్ ఏరో అనే కంపెనీ అయితే మొదటి నుంచీ ఒక్క మనిషి కోసమే గీసుకుంది, 50 కిలోమీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో అందుకోవాలని వాళ్ళ లక్ష్యం. మనకేమో ఒకరు వచ్చి తలుపులో ఇరుక్కుంటే గానీ బుర్రకెక్కలేదు.

మరి డ్రోన్ చాలదా అని కొందరు అడుగుతారు, అడగాల్సిందే. గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్ గానీ షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని చెప్తారు. 2021 డిసెంబర్‌లో స్వీడన్‌లోని ట్రోల్‌హెట్టన్‌లో, ఇంటి ముందు మంచు తీస్తూ కుప్పకూలిన 71 ఏళ్ళ ఆయనకి డ్రోన్ మూడు నిమిషాల పైచిలుకులో డీఫిబ్రిలేటర్, అంటే గుండెకి షాక్ ఇచ్చే పెట్టె, తెచ్చి దింపింది, ఆయన బతికారు. పైలట్ లేడు, క్యాబిన్ లేదు, మా యంత్రం ఖర్చులో ఏ మూలకీ రాదు. నేను ఈ వార్త చదివినప్పుడు మా ప్రాజెక్ట్ మూసేసుకోవచ్చేమో అనిపించింది. తర్వాత వివరాలు చూస్తే, పెట్టె వచ్చేసరికి ఆయన ఛాతీ నొక్కుతున్నది ఆ దారిన పోతూ ఆగిన ఒక డాక్టర్. డ్రోన్ పెట్టె తెచ్చింది, చేతులు మాత్రం ఆ రోజు అదృష్టం కొద్దీ అక్కడున్నాయి. రక్తం ధారగా పోతుంటే, గొంతులో ఏదో అడ్డుపడితే, కారు కింద కాలు ఇరుక్కుంటే పెట్టె ఒక్కటే దిగి ఏం చేస్తుంది?

హెలికాప్టర్ రెస్క్యూ చరిత్ర కూడా ఇంతే చిన్నగా మొదలైంది. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవిలో కూలిన చిన్న విమానం పైలట్‌నీ, అందులోని ముగ్గురు బ్రిటిష్ సైనికుల్నీ బయటికి తేవడానికి లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ సికోర్‌స్కీ వైఆర్-4బి హెలికాప్టర్ తీసుకెళ్ళాడు. ఆ వేడిలో, ఆ తేమలో దానికి ఒక్క మనిషిని మించి లేపే బలం లేదు. ఒక్కొక్కరినే తెచ్చాడు, ఇద్దర్ని తెచ్చేసరికి ఇంజన్ వేడెక్కి మొరాయించింది, మిగతా ఇద్దరూ మర్నాటికే. మా ప్యాక్ టెస్ట్ బాగా రాని రోజుల్లో నాకు ఈ ఇంజన్ గుర్తొస్తుంది.

ప్యాక్ టెస్ట్ అంటే, అసలు భయం అక్కడే ఉంది. హెలికాప్టర్ ఇంధనం కాలే కొద్దీ తేలికవుతుంది. మనది అలా కాదు, లేచినప్పుడు ఎంత బరువో దిగేటప్పుడూ అంతే. పైగా దిగేటప్పుడు మళ్ళీ హోవర్, అంటే బ్యాటరీ అన్నిటికన్నా నీరసంగా ఉన్నప్పుడే అన్నిటికన్నా ఎక్కువ అడుగుతాం. ఛార్జ్ తగ్గిన సెల్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగితే వోల్టేజ్ కుంగుతుంది, వోల్టేజ్ కుంగితే అదే పవర్ కోసం మోటార్ కంట్రోలర్ ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది, ఇంకా కుంగుతుంది. చలిలో ఇది రెండింతలు మొండికేస్తుంది.

మొదట్లో ఒక రోజు చల్లటి గదిలో ప్యాక్ పెట్టి ల్యాండింగ్ ప్రొఫైల్ నడిపాం, అంటే దిగేటప్పుడు ఎంత పవర్ లాగుతామో అంతా దాని నుంచి లాగి చూశాం. గ్రాఫ్ కిందికి వంగుతోంది, నేను కాఫీ కప్పు పట్టుకుని చూస్తున్నాను, ఇంకో ముప్పై సెకన్లు ఆగితే చాలు. టప్‌మని ఒక చప్పుడు. కాంటాక్టర్, అంటే ప్యాక్‌ని కలిపే పెద్ద స్విచ్, తెరుచుకుంది. స్క్రీన్ మీద కరెంట్ సున్నా. ప్యాక్‌కి ఏమీ కాలేదు, సెల్స్ అన్నీ బాగానే ఉన్నాయి. ఏమైందంటే, మేం బయట కొన్న బ్యాటరీ మేనేజ్‌మెంట్ బోర్డ్ రోడ్డు వాహనాల కోసం చేసింది, సెల్ వోల్టేజ్ హద్దు దాటితే ప్యాక్‌ని కాపాడటానికి కనెక్షన్ కోసేస్తుంది. రోడ్డు మీద అయితే బండి పక్కకి ఆగుతుంది, తోసుకుంటాం. నేలకి పది మీటర్ల ఎత్తులో అయితే? బ్యాటరీని భద్రంగా ఉంచి మనిషిని పడేసే లాజిక్ అది. తప్పు బోర్డ్‌ది కాదు, దాన్ని అక్కడ పెట్టిన మాది. అప్పటి నుంచి మా రూల్ ఒకటే, గాల్లో ఉన్నంతసేపూ ఆ బోర్డ్ అరవచ్చు, కోయకూడదు. సెల్ పాడైతే కిందికి దిగాక ఏడుద్దాం. మంట అంటుకునే సంగతి వేరే కథ, అందుకే ప్యాక్‌ని విడివిడి గదులు చేసి ఒకటి పోయినా మిగతావి దింపేలా కట్టాల్సి వచ్చింది, దాని బరువు మళ్ళీ నా నెత్తినే.

సర్టిఫికేషన్, అంటే ఎగరడానికి కావలసిన అనుమతి, గురించి అడక్కండి. యూరప్ ఏవియేషన్ సంస్థ ఈఏఎస్ఏ 2019లో ఇలాంటి యంత్రాలకి పెట్టిన ప్రత్యేక నిబంధనల్లో పై తరగతికి, కూలిపోయేంత లోపం వంద కోట్ల ఎగిరే గంటలకి ఒకటి కన్నా అరుదుగా ఉండాలి. పెద్ద ప్రయాణికుల విమానాల కొలమానం అది. డబ్బు సంగతి చూస్తే 2024లో అక్టోబర్‌లో లిలియం (ఇలాంటి విమానాలే చేసే ఇంకో జర్మన్ కంపెనీ), డిసెంబర్‌లో వోలోకాప్టర్ దివాలా పిటిషన్ వేశాయి, మాకన్నా ఎన్నో రెట్లు పెద్దవాళ్ళు. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో మా గ్రూప్‌లో ఎవరూ జోకులు పెట్టలేదు.

ఆవిడ మళ్ళీ వచ్చారు, రెండో మాక్‌అప్ తయారయ్యాక. స్ట్రెచర్ లేదు. తలుపు వెడల్పు చేశాం, బ్యాగ్‌కి సీటు పక్కనే గూడు పెట్టాం, దిగే వైపు రోటర్లు ఏవీ నడుము ఎత్తులో లేకుండా పైకి జరిపాం (జనం గుమిగూడి మీదికి వచ్చేస్తారు, వాళ్ళని ఆపడానికి అక్కడ ఎవరూ ఉండరు అని మొదటిసారే హెచ్చరించారు). ఈసారి మావాడు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. సీట్ బెల్ట్ తీసి, బ్యాగ్ లాక్కుని, దూకి, నేల మీద పెట్టిన ఇసుక మూట పక్కన మోకాళ్ళ మీద కూర్చునే దాకా టైమ్. మొదటిసారి బాగానే వచ్చింది. రెండోసారి బ్యాగ్ పట్టీ సీటు గొళ్ళేనికి తగులుకుని, ఆవిడ సగం బయట సగం లోపల ఆగిపోయి, మా వైపు తిరిగి ఏమీ అనకుండా చూశారు.

గొళ్ళెం అవతలి పక్కకి మారుస్తున్నాం. దానికి బ్రాకెట్ కొత్తది కావాలట, మావాడు గీస్తున్నాడు, బరువెంత పెరుగుతుందని అడిగితే ఇంకా చెప్పడం లేదు.