రోటరీయా, డీఏనా: మా కారుకి పాలిష్ మెషీన్ ఎంచుకున్న తీరు

ముదురు రంగు కారు ఉన్నవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. సెల్లార్‌లో ఉన్నంతసేపూ బండి తళతళలాడుతూనే కనిపిస్తుంది. ఎండలోకి తీయగానే బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు బయటపడతాయి. మా ముదురు నీలం స్విఫ్ట్‌దీ అదే పరిస్థితి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డతో వరసబెట్టి బళ్లన్నీ తుడిచేస్తారు. పక్క బండి మీది ఇసుక మన బండి మీద గీతలవుతుంది. దానికి తోడు బోరు నీళ్లు. ఆరిన ప్రతి చుక్కా తెల్లమచ్చే.

గ్యారేజీలో ‘రబ్బింగ్ పాలిష్’ చేయించమని అందరూ చెప్పారు. పై ఫ్లోర్ వాళ్ల నల్ల కారు అలాగే చేయించుకుని వచ్చింది. వచ్చిన రోజు అద్దంలా ఉంది. నాలుగు వానలు పడేసరికి పైపూత కడుక్కుపోయి, మెషీన్ తిరిగిన దారి మొత్తం వంకీలు వంకీలుగా తేలింది. అది చూశాక ఆలస్యమైనా సరే, మన బండి మన చేత్తోనే చేసుకుందామనుకున్నాను.

మెషీన్ కొనేముందు అసలు బండి మీద ఎంత పెయింట్ ఉందో తెలుసుకోవాలి. పాత కార్లు చెక్ చేసే మిత్రుడి దగ్గర పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే తెచ్చుకున్నాను. బానెట్, రూఫ్ మీద 100 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య చూపించింది. వెనక కుడి డోర్ మాత్రం 240 దాటింది. అంటే ఆ డోర్‌కి ఎప్పుడో మళ్లీ పెయింట్ వేశారన్నమాట. ఈ మొత్తంలో పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, మామూలుగా 40, 50 మైక్రాన్లకి మించదు. రంగు వెలిసిపోకుండా ఎండని ఆపేది అదే. మనం అరగదీసేది కూడా దాన్నే. ఒక్కసారి పోతే మళ్లీ రాదు. ఏ మెషీన్ త్వరగా కోస్తుందన్న ప్రశ్న నాకు అక్కడితో పోయింది. ఏ మెషీన్ నా చేతిలో తక్కువ కోసి పని పూర్తి చేస్తుందన్నదే చూశాను.

మా మేనమామ కొడుక్కి బాలానగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుంది. నాకంటే పెద్దవాడు, బావ. రోజూ రోటరీతోనే, అంటే ప్యాడ్‌ని గుండ్రంగా మాత్రమే తిప్పే మెషీన్‌తోనే పని. డీఏ (డ్యూయల్ యాక్షన్, తిరుగుతూనే ఊగే మెషీన్) అనగానే కొట్టిపారేశాడు.

“ఆ ఊగే మిషిన్‌తోని ఏమైతదిరా? ఒక్క డోర్ చేసేసరికి పొద్దుగూకుతది.”

“నువ్వు రోజూ చేస్తవ్ బావా, నీ చెయ్యి తిరిగింది. నేను ఏడాదికోసారి పట్టుకుంటే గొప్ప. నా అసొంటోడికి ఏది మంచిదో చెప్పు.”

అడిగిన తీరు నచ్చినట్టుంది, షెడ్డు వెనక పడేసిన పాత ఎర్ర బానెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. బావ వాడేది 1400 వాట్ల బాష్ జీపీఓ 14 సీఈ, 750 నుంచి 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా వెళ్తుంది. ఊలు ప్యాడ్ వేసి బానెట్ మధ్యలో నాలుగు చేతులు తిప్పేసరికి ఆ భాగం వెలిగిపోయింది. పనితనం చూస్తే ముచ్చటేసింది. తర్వాత కావాలనే ప్యాడ్‌ని బానెట్ అంచు మీద ఆనించి కదపకుండా పట్టాడు. అప్పటిదాకా ఊలుకి తెల్లటి పాలిషే అంటుకుంది. కొన్ని సెకన్లలోనే ప్యాడ్ ఎర్రబడింది. ప్యాడ్‌కి రంగు అంటుకుందంటే క్లియర్ కోట్ దాటి కింది రంగులోకి దిగినట్టే. ఇంకాస్త ఆగితే రంగు కింద వేసే బూడిద రంగు తొలిపూత, ప్రైమర్, బయటపడింది. దాని పక్కన వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. అంచుల్లో పెయింట్ సహజంగానే పల్చగా ఉంటుంది, పైగా రోటరీ తిప్పుడంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది.

“గిది చూపిద్దామనే పట్టిన. అంచుకాడ చెయ్యి ఆగొద్దు,” అన్నాడు. బావ నాకు చెప్పిన అతి విలువైన పాఠం అదే.

చాలా చోట్ల యాంగిల్ గ్రైండర్‌కే పాలిష్ ప్యాడ్ బిగించి అమ్ముతున్నారు. దాని జోలికి మాత్రం వెళ్లకండి. నాలుగంగుళాల గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. అది ఇనుము కోయడానికి.

డీఏలో ప్యాడ్ తిరుగుతూనే చిన్న వృత్తంలో ఊగుతుంది కూడా. ఆ వృత్తం వెడల్పునే త్రో అంటారు: 8, 15, 21 మిల్లీమీటర్లు. మామూలు డీఏలో ప్యాడ్ బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి, ఎక్కువ నొక్కినా, అంచు మీద ఆనినా తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. బావకి అది లోపం. అలవాటు లేని నా చేతికి అదే రక్ష. దాంతో డీఏ ఖాయమైపోయింది. ఇక మిగిలింది త్రో.

చదివినవాటిలో ఎక్కువమంది 21 కొనమన్నారు. పెద్ద ప్యాడ్, పని త్వరగా అవుతుంది, ముగింపు నునుపుగా వస్తుంది. ఎస్‌యూవీ బానెట్‌కి నిజమే కావచ్చు. స్విఫ్ట్‌లో చదునైన జాగా ఎంతుంది? అందుకే బావ దగ్గర పాత ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) ఒకటి అడిగి, ఆటోలో వేసుకుని రాణిగంజ్ వెళ్లాను. పనిముట్ల షాపాయన ఓపిగ్గా 15, 21 రెండూ ప్లగ్‌కి పెట్టి ఇచ్చారు. ప్యాడ్ బిగించే బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక నల్లగీత గీశాను. ప్లేట్ బాగా తిరుగుతుంటే ఆ గీత అలికినట్టు కనిపిస్తుంది, ఆగితే గీత గీతలాగే నిలబడుతుంది. చదునుగా ఉన్నచోట రెండూ బాగానే తిరిగాయి. చక్రం మీది వంపు దగ్గరికి రాగానే 21 మీద గీత స్పష్టంగా నిలిచిపోయింది. ఎంత తేలిగ్గా పట్టుకున్నా అంతే. 15 మీద నెమ్మదించింది గానీ ఆగలేదు.

కొండాపూర్‌లో డీటెయిలింగ్ (కార్లని శుభ్రం చేసి మెరుగు పెట్టే పని) చేసే స్నేహితుడి దగ్గర జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వాళ్ల ఎక్స్‌సీ 3401 కూడా పట్టి చూశాను. అందులో గేర్లు ప్యాడ్‌ని బలవంతంగా తిప్పుతాయి, 8 మిల్లీమీటర్ల త్రో, ఏ వంపులోనూ ఆగదు. కానీ చేతిలో ఒక పక్కకి లాగేస్తుంది, వేడీ ఎక్కువే. ఆగిపోయే గుణం కోసమే డీఏ వైపు వచ్చినవాడిని, దాన్ని వదులుకోలేకపోయాను.

డాలస్‌లో ఉన్న తమ్ముడు అక్కడ ఆఫర్‌లో ఉందంటూ ఇటలీ కంపెనీ రూపెస్ వాళ్ల డీఏ కొని పంపుతానన్నాడు. వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ తగిలించుకుని సెల్లార్‌లో తిరగలేం. అదీ కాక మా సెల్లార్‌లో ఉన్నది 5 ఆంపియర్ల సాకెట్. 1400 వాట్ల రోటరీకి అది చాలదు, ఐదారు వందల వాట్ల డీఏకి నిశ్చింత.

చివరికి 15 మిల్లీమీటర్ల త్రో, 125 మిల్లీమీటర్ల ప్లేట్ ఉన్నది పది వేల లోపలే దొరికింది. మిగిలిన డబ్బు ప్యాడ్లకి పెట్టాను, అది మీకూ గట్టిగా చెబుతాను. ఫోమ్ ప్యాడ్ వేడెక్కి, పాలిష్ పీల్చుకుని మెత్తబడితే ఏ మెషీనైనా దండగే. ఒక్కో రకం నాలుగేసి ఉంటే మార్చుకుంటూ పోవచ్చు. కొలత మార్చి చిన్న ప్లేట్ మాత్రం బిగించకండి. లోపలి బరువు ఆ ప్లేట్‌కి సరిపోయేలా తూచి పెట్టింది, మారిస్తే చెయ్యి తిమ్మిరెక్కేలా వణుకుతుంది.

కడగడం, క్లే (అంటుకుపోయిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్దడం, రబ్బరు అంచులకి టేపు వేయడం మామూలే. బానెట్ మీద రెండడుగుల గడిలో ముందుగా పరీక్ష చేశాను: మెత్తటి ఫోమ్, సన్నటి పాలిష్. గీతలు సగమే పోయాయి. ప్యాడ్ అదే ఉంచి కాస్త ముతక పాలిష్ వేస్తే దాదాపు అన్నీ పోయాయి. తక్కువ బలం ఉన్నదాంతో మొదలుపెట్టి, చాలినచోట ఆగడమే నా లెక్క. బరువంతా మెషీన్‌దే, నొక్కకుండా నెమ్మదిగా అడ్డం, నిలువు నడిపించాను. ప్రతి గడికీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి ఎల్‌ఈడీ టార్చ్ వేసి చూశాను. ట్యూబ్‌లైట్ కింద ఏ గీతా కనపడదు. పాలిష్‌లోని నూనె తుడిచేస్తే గానీ పోయిందా, దాక్కుందా అన్నది తేలదు.

ప్లాస్టిక్ బంపర్ల దగ్గర స్పీడు తగ్గించాను, అవి వేడిని రేకులా పంచుకోలేవు. మళ్లీ పెయింట్ వేసిన ఆ వెనక డోర్ మిగతా బండి కంటే మెత్తగా ఉంది, ముతక పాలిష్ పెడితే మసకబారింది. అక్కడ సన్నటిదే సరిపోయింది. డోర్ హ్యాండిళ్ల వెనక, నంబర్ ప్లేటు చుట్టూ చేత్తోనే రుద్దాను. ఎడమ డోర్ మీద తాళంచెవి గీత ఒకటుంది, గోరు పెడితే తగులుతుంది. దాని అంచులు కాస్త నున్నబడ్డాయి, అంతకంటే లోతుకి వెళ్లకుండా వదిలేశాను.