అమ్మమ్మ వచ్చిందా, వచ్చారా?

కాలిఫోర్నియా బడుల్లో అమలవుతున్న కామన్ కోర్ అనే పాఠ్య ప్రమాణాల్లో మూడో తరగతికే ఒక నియమం ఉంది: సర్వనామం ఏ నామవాచకానికి బదులు వస్తుందో దానికి సరిపోవాలి. మా అమ్మాయికి అది ఎక్కాల కన్నా తొందరగా వచ్చేసింది. ఒక్కరైతే హీ, షీ, పలువురైతే దే. పేచీ అంతా 'ఎవ్రీవన్' దగ్గరే. వ్యాకరణానికి అది ఏకవచనం, అర్థానికేమో అందరూ. జవాబుల కాగితంలో 'హిజ్ ఆర్ హర్' అని ఉంది, దాని నోట వచ్చేది 'దెయిర్'.

నా ఓటు అమ్మాయికే. 14వ శతాబ్దంలో, ఇంగ్లీషు కవి చాసర్ నాటికే, ఇలాంటి చోట 'దే' వాడుక ఉంది. తర్వాత వచ్చిన పండితులు 'హీ' అంటే చాలు, ఆడవాళ్ళూ అందులోకే వస్తారన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషకు దాన్నే సూత్రం చేసింది.

ఇంగ్లీషు గొడవ అలా తేలిపోయింది కానీ తెలుగుతోనే చిక్కొచ్చింది. "కుక్క వచ్చాడు" అంటుంది. పక్కింటి కుక్క ఇంగ్లీషులో 'హీ' మరి! కుక్క వచ్చింది అనాలని దిద్దాను. మరి అమ్మమ్మ? వచ్చింది. కాసేపు నా ముఖంలోకి చూసి, "అయితే అమ్మమ్మా కుక్కా ఒకటేనా?" అంది.

"అదంతే" అని తోసేయవచ్చు. చిన్నప్పుడు మనకు దక్కిన జవాబు అదే. కానీ ఇక్కడి పిల్లలు ఆ మాటతో ఊరుకోరు, ఊరుకోకపోవడమే నాకిష్టం. ఉన్నదున్నట్టు చెప్పాను. మన వ్యాకరణంలో మగవాళ్ళు మహత్తులు. ఆడవాళ్ళు, పశుపక్ష్యాదులు, రాళ్ళూరప్పలు అమహత్తులు. బహువచనానికి వస్తే మాత్రం ఆడవాళ్ళు మనుషుల్లో కలుస్తారు: అత్తలు వచ్చారు, కుక్కలు వచ్చాయి. (నేనూ మా అమ్మాయిని 'అది' అనే అంటున్నాను. ముద్దుకే లెండి.)

"అయితే అమ్మమ్మ ఒక్కతే వచ్చినా వచ్చారు అంటాను" అని తీర్మానించింది. తప్పేమీ లేదు, గౌరవానికి అలా అంటాం కదా.

ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యతో, "అమ్మమ్మ గుడి నుంచి వచ్చారా?" అని అడిగింది. వెనక నుంచి మా అమ్మ గొంతు: "ఏమే, నన్ను పరాయిదాన్ని చేసేశావా!"