ఓల్డ్ అని కొట్టు

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం కమిటీవాళ్లు ఏదైనా రాసివ్వమని నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఐదోసారి, మనమంతా లాంగ్‌జంప్ అని పిలిచేవాడే ఫోన్ చేశాడు. "రెండు పేజీలు రాయి, లేకపోతే గోడ కథ నీ పేరు మీద నేనే రాసేస్తా" అన్నాడు. అందుకే ఇది.

గోడ సంగతీ, రేగుపళ్ల అవ్వ సంగతీ ఎవరో ఒకరు రాస్తారు. నేను బడి మేడమీది కంప్యూటర్ గది గురించే రాస్తాను. 1985, మనం తొమ్మిదో తరగతి. బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పే సర్కారు పథకం, క్లాస్ ప్రాజెక్టు కింద వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు. చెప్పులు బయట, చేతులు కడుక్కుని లోపలికి. మనిషికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేను ప్రోగ్రాం కొడితే, పొట్టి వచ్చి కుడివైపు పైమూలన ఉన్న బ్రేక్ మీట నొక్కాడు. తెర ఖాళీ. నాకు ఏడుపొక్కటే తక్కువ.

వెనకాల లెక్కల సారు. "ఏందిరా ఆ మొహం? ఓల్డ్ అని కొట్టు."

కొట్టాను. తర్వాత ప్రోగ్రాం చూపించమని లిస్ట్ అన్నాను. పోయిందనుకున్నదంతా వరసగా దిగింది. "ప్రోగ్రాం యాడికీ పోలే. మొదట్ల ఒక గుర్తు చెరిగింది, గంతే" అన్నారు సారు. పొట్టి చెవి మెలిపెడుతూనే అన్నారు.

తర్వాత ఇంటర్, ఇంజినీరింగ్, ఒకే కంపెనీలో ముప్పై ఏళ్లు సర్వర్ల కాపలా. మణికొండలో ఇల్లు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు నాకు బాసులయ్యారు. ఇంతకంటే చెప్పేదేం లేదు.

రిటైరయ్యాక ఇంగ్లండు నుంచి ఒక బీబీసీ మైక్రో తెప్పించాను. స్విచ్ వేసిన పావుగంటకి పవర్ సప్లైలో కెపాసిటర్ పగిలి, ఇల్లంతా పొగ. మా ఆవిడ నన్నూ దాన్నీ కలిపి బాల్కనీలో పడేసింది. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి కొత్త కెపాసిటర్లు తెచ్చి వేశాను.

సారు ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటారు. మోకాళ్లు సహకరించవు, గడప దాటరు. ఆయన మొబైల్లోంచే ఈ మిషన్ నడిపితే ఎలా ఉంటుందని రిమోట్ డెస్క్‌టాప్ రాయడం మొదలుపెట్టాను. మొత్తం మెమరీ 32 కేబీ. తెరమీద బొమ్మ చూపించే పద్ధతుల్ని మోడ్‌లంటారు; 0వ మోడ్‌లో తెరే 20 కేబీ మింగేస్తుంది. 4వ మోడ్‌లో 10 కేబీ, సీరియల్ తీగ మీద 9600 బాడ్‌ వేగంతో పంపితే ఒక్క బొమ్మకే పది సెకన్లు దాటుతుంది. 7వ మోడ్ అయితే వరసకి నలభై అక్షరాలు, ఇరవై అయిదు వరసలు, అంటే వెయ్యి బైట్లు. దాంట్లోనూ మారిన అక్షరాలే పంపుతాను. పక్కన పెట్టిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాటిని అందుకుని, ఒక మిషన్ తెరని ఇంకోచోట చూపించే వీఎన్‌సీ భాషలో మొబైల్‌కి చెబుతుంది. (బీబీసీ మైక్రోని తయారుచేసిన ఏకార్న్ కంపెనీదీ, వీఎన్‌సీ పుట్టిన ఆలివెట్టి ల్యాబ్‌దీ ఒకే ఊరు, కేంబ్రిడ్జ్. ఇది మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు.)

మూడు వారాలు ఒక తప్పు చంపుకుతింది. లిస్ట్ కొట్టగానే మొబైల్లో కింది వరసలు పైకెక్కి కూర్చునేవి. చివరికి అర్థమైంది: తెర స్క్రోల్ అయినప్పుడు బీబీసీ అక్షరాలను జరపదు, తెర ఎక్కడ మొదలవుతుందన్న చిరునామానే మారుస్తుంది. నేనేమో ఎప్పుడూ ఒకే చోటినుంచి చదువుతున్నాను. సారు అన్నది అదే కదా, మొదలు ఎక్కడుందో తెలియాలి.

పోయిన నెల ట్రయల్ వేశాం. తెర పంపే ప్రోగ్రాంని, కరెంటు పోయినా చెరగని ఈప్రామ్ చిప్‌లో ఎక్కించి లోపలి సాకెట్లో గుచ్చాను కాబట్టి బ్రేక్ కొట్టినా తిరిగి లేస్తుంది. ఆ బ్రేక్ ఒక్కటి మాత్రం మొబైల్ నుంచి నొక్కలేం, అది నేరుగా ప్రాసెసర్ రీసెట్ తీగకి కలిసి ఉంటుంది. అందుకే ఇక్కడ నేను నొక్కాను, చెప్పకుండా.

ఫోన్లో కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నా తెరమీద ఒక్కొక్కటే మూడు అక్షరాలు పడ్డాయి. ఎంటర్. లిస్ట్. బడి పేరు అచ్చేసే నా నాలుగు వరసల ప్రోగ్రాం దిగింది.

"ముప్పయ్యో లైన్ల స్పెల్లింగ్ తప్పు కొట్టినవ్" అన్నారు సారు.

సమ్మేళనం రోజు మిషన్ వేదిక పక్కన బల్లమీద ఉంటుంది, సారు ఇంటినుంచి నడుపుతారు. బ్రేక్ నొక్కే డ్యూటీ పొట్టిది.