నజరే కొండకొమ్ము నుంచి పెనీష్ దాకా

పోర్చుగల్ చూడబోయేవారిలో చాలామంది లిస్బన్‌లో మూడు రోజులు, పోర్టోలో రెండు రోజులు గడిపి, ఆ రెండు నగరాల మధ్యనున్న పడమటి తీరంలో అడుగైనా పెట్టకుండా తిరిగి వస్తారు. మేమూ మొదట అలాగే వెళ్దామనుకున్నాం గానీ, చివరికి లిస్బన్‌ను ఒక్క రోజుకు కుదించి, మిగిలిన నాలుగు రోజులూ నజరేలో బస చేసి, చుట్టుపక్కల ఊళ్లను అక్కడి నుంచే చూశాం. ఆ తీరంలో ఏ చర్చి కథ విన్నా అది సముద్రం దగ్గరే మొదలవుతుందని మొదటి సాయంత్రమే తెలిసింది.

నజరే రెండు అంతస్తుల ఊరు. కింద ఇసుకతీరమూ చేపలవాళ్ల వీధులూ ఉంటే, దాదాపు 110 మీటర్ల ఎత్తున నిటారుగా నిలిచిన కొండ మీద ‘సీతియు’ అనే పాత పేట ఉంది. ఈ రెండింటినీ కలుపుతూ 1889లో కొండవాలు రైలు వేశారు. దాన్ని రూపొందించిన ఇంజనీరు మెస్నియే ద్యు పొన్సార్ తరువాత లిస్బన్‌లోని ప్రసిద్ధమైన శాంత జుష్త లిఫ్టునూ కట్టాడు. పైకి చేరగానే అందరూ సముద్రం చూడటానికి కొండ అంచుకు పరుగెడతారు గనుక, అక్కడే ఉన్న ‘మెమోరియ’ అనే చిన్న గుడిని గమనించేవారు తక్కువ. నలుగురైదుగురు నిలబడితే నిండిపోయే ఆ గుడి లోపలి గోడలంతటా నీలిరంగు బొమ్మల పలకలు పరచి ఉన్నాయి. సన్నని మెట్లు దిగితే కింద ఒక గుహ ఉంది.

ఆ గుహదే అసలు కథ. 1182 సెప్టెంబరులో ఒక ఉదయం దొం ఫూవాష్ రోపీన్యు అనే సామంతుడు దట్టమైన మంచులో ఒక జింకను తరుముతూ గుర్రాన్ని దౌడు తీయించాడట. జింక కొండ అంచు దాటి గాలిలోకి దూకింది. గుర్రమూ దూకబోతుండగా, పక్కనే గుహలో ఉన్న మరియమ్మ ప్రతిమ గుర్తుకు వచ్చి అతడు మొరపెట్టుకున్నాడు. గుర్రం వెనుక కాళ్ల మీద నిలిచిపోయింది. జింక రూపంలో వచ్చినవాడు సైతానేనని అక్కడివారు చెబుతారు. ఈ ఘట్టం దగ్గర మారీచుడు గుర్తురాని తెలుగువాడు ఉండడనుకుంటాను. రాతి మీద గుర్రపు డెక్క గుర్తు ఇదేనంటూ ఇప్పటికీ చూపిస్తారు. నా కళ్లకు మాత్రం అది మామూలు గుంతలాగే కనిపించింది.

ఆ ప్రతిమ ఇప్పుడు ఎదురుగా ఉన్న పెద్ద చర్చిలో ఉంది. బిడ్డకు పాలిస్తున్న తల్లి రూపంలో, నల్లబారిన చెక్కతో చేసిన అతిచిన్న విగ్రహం అది. పాలస్తీనాలోని నజరేతు నుంచి వచ్చిందన్న నమ్మకం వల్లనే ఊరికి ఈ పేరు పడింది. 14వ శతాబ్దంలో ఫెర్నాందు రాజు కట్టించిన చర్చిని తరువాతి శతాబ్దాల్లో పెంచుతూ వచ్చారు. భారతదేశానికి బయలుదేరే ముందు వాస్కో డ గామా ఇక్కడికి వచ్చి మొక్కుకున్నాడని చెప్పుకుంటారు. ఆ ఓడల వెనుక వచ్చిన మాటలే పాదిరి, మేస్త్రి, అల్మారా, అనాస వంటివి. కింద బజారులో పండ్ల బుట్ట మీద ‘అననాష్’ అని రాసి ఉండటం చూసినప్పుడు, పరాయి దేశంలో మేనమామ ఎదురైనంత సంబరం కలిగింది.

సీతియు నుంచి పావుగంట నడిస్తే సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొమ్ము మీద సెబాస్తియాఁవ్ రాజు 1577లో కట్టించమన్న సాఁవ్ మిగేల్ కోట, దాని నెత్తిన ఎర్రని దీపస్తంభం కనిపిస్తాయి. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన అలలను టీవీలో చూసినవారికి ఈ చోటు పరిచయమే. కోట ఎదుట సముద్రగర్భంలో సుమారు 230 కిలోమీటర్ల పొడవు, ఐదు వేల మీటర్ల దాకా లోతు ఉన్న ఒక లోయ దాదాపు ఒడ్డు వరకూ వస్తుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే అలకు ఆ లోతులో అడ్డు తగిలేదేమీ లేదు గనుక వేగమూ బలమూ తగ్గవు. పక్కనే లోతు తక్కువ ఉన్నచోట నడిచే అల మాత్రం నెమ్మదిస్తుంది. లోయ నుంచి వంగి వచ్చిన అల, ఆ నెమ్మదించిన అల ఉత్తరపు ఒడ్డు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. 2011లో గారెట్ మెక్‌నమారా ఇక్కడ సుమారు 24 మీటర్ల అలను పలక మీద స్వారీ చేయడంతో ఊరి పేరు లోకమంతా మోగింది. 2020 అక్టోబరులో సెబాస్టియన్ స్టాయిట్నర్ స్వారీ చేసిన అల 26.21 మీటర్లని లెక్కగట్టారు. ఇవి అక్టోబరు నుంచి మార్చి వరకు వచ్చే అలలు. మేము సెప్టెంబరులో వెళ్లాం గనుక మాకు దక్కింది చెరువులాంటి సముద్రమే. కోటకు వెళ్లే దారిలో జింక తల, మనిషి శరీరంతో, చేత అలల పలక పట్టుకున్న విగ్రహం ఒకటి నిలబెట్టారు. దొం ఫూవాష్ జింక ఇన్నాళ్లకు ఇలా తేలిందన్నమాట.

అలలు నేడు డబ్బు తెస్తున్నాయి గానీ, చేపలవాళ్లకు అవి పగవే. 1980ల వరకు ఈ ఊరికి సరైన రేవు లేదు. పడవలను ఇసుక మీది నుంచే నీళ్లలోకి నెట్టి, తిరిగి ఎడ్లతోనూ తరువాత ట్రాక్టర్లతోనూ ఒడ్డుకు లాగేవారు. ఒడ్డు తాకే ముందు పడవ బోల్తా పడితే, భార్యలూ తల్లులూ ఇసుకలో కూర్చుని కళ్లారా చూడవలసి వచ్చేది. ఇక్కడి స్త్రీలు ఒకదాని మీద ఒకటిగా ఏడు లంగాలు కట్టేది ఆ ఎదురుచూపుల చలికేనని ఒకరు, ఏడు అలల లెక్కకని మరొకరు చెప్పారు. ఆ ఇసుకలోనే వల పరిచిన చట్రాల మీద చీల్చిన చేపలు నేటికీ ఎండుతుంటాయి.

లోపలికి పద్నాలుగు కిలోమీటర్లు వెళితే అల్కుబాసా మఠం. 1153లో తొలి రాజు అఫోన్సు ఎన్రికేష్ సిస్టర్షియన్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులకు ఇచ్చిన నేలలో కట్టిన ఆ చర్చి లోపల బొమ్మలూ లేవు, బంగారమూ లేదు. తెల్లని రాతి స్తంభాల ఎత్తు, వాటి మధ్య వెలుగు, అంతే. ఆ నిరాడంబరతకు అడ్డంగా లేసులా చెక్కిన రెండు సమాధులు ఉన్నాయి. యువరాజు పెద్రు ప్రేమించిన ఇనేష్‌ను 1355లో అతడి తండ్రే చంపించాడు. రాజయ్యాక పెద్రు హంతకుల్లో ఇద్దరిని పట్టించి చంపించి, ఆమె దేహాన్ని ఇక్కడికి తెప్పించాడు. పునరుత్థానం నాడు లేవగానే ఒకరినొకరు చూసుకునేలా సమాధులను పాదాలు ఎదురెదురుగా పెట్టించాడంటారు. శవానికి కిరీటం పెట్టాడన్న కథను చరిత్రకారులు ఒప్పుకోరు; సమాధులు చూశాక నాకు ఆ కథ అవసరమూ అనిపించలేదు. వంటశాలను మాత్రం వదలకండి: నది నుంచి తెచ్చిన కాలువ దాని గుండానే పారుతుంది.

కోటగోడల ఊరు ఓబిదుష్ గురించి ఎక్కువ చెప్పను. కోటగోడ మీద నడక బాగుంది, పుస్తకాల దుకాణంగా మారిన సాంతియాగు చర్చి ఇంకా బాగుంది; పగలంతా మాత్రం బస్సుల జనంతో ఊపిరాడదు. ఒకప్పుడు సముద్రపు పాయ ఈ గోడల దాకా వచ్చేదనీ, పూడిక పడి వెనక్కి తగ్గిందనీ విన్నాక గోడ మీది నుంచి చూపు పడమటికే పోయింది.

అలాంటి పూడికే ఒకనాటి దీవి అయిన పెనీష్‌ను నేలతో కలిపింది. అక్కడి సముద్రపు కోట సలజార్ నియంతృత్వ కాలంలో రాజకీయ ఖైదీల చెర. 1960 జనవరి 3న కమ్యూనిస్టు నాయకుడు అల్వారు కున్యాల్ మరో తొమ్మిది మందితో ఇక్కడి నుంచే తప్పించుకున్నాడు. నియంతృత్వం కూలాక 1974 ఏప్రిల్ 27న ఖైదీలు విడుదలైన ఈ చోటనే సరిగ్గా యాభై ఏళ్లకు జాతీయ మ్యూజియం తెరిచారు. వలలున్న చోట లేసులుంటాయని ఆ ఊరి సామెత. మగవాళ్లు సముద్రం మీద ఉండగా ఆడవాళ్లు దారపు కడ్డీలతో అల్లిన లేసులు చూడదగ్గవి.

కోట నుంచి కర్వుయైరు కొమ్ము వైపు వెళ్లే దారిలో రెమేదియుష్ మాత గుడి ఉంది. నీలిరంగు పలకలతో నిండిన చిన్న గది అది. అక్కడి ప్రతిమ కూడా సముద్రపు గుహలోనే దొరికిందని గుడి దగ్గర ఒక పెద్దాయన చెప్పాడు. నజరే ప్రతిమ కన్నా ఇదే పాతదని నొక్కి చెప్పి, బెర్లెంగ దీవులు కనిపించే వైపుకు మమ్మల్ని పంపించాడు.